ఊగే రాయి

సంచికి వేలాడుతున్న గంటలో ఎండుగడ్డి కుక్కి, ఊపి చూసి, చప్పుడు రావడం లేదని రూఢి చేసుకున్నాక గానీ షిగెనో ఏటి ఒడ్డున అడుగు ముందుకు వేయలేదు. ఎలుగుబంట్లు తిరిగే కొండ, గంట లేకుండా ఎటూ వెళ్ళకండి అత్తయ్యా అంటూ కోడలు సాతోమి ఈ గంటను పొద్దున తన చేతులతో కట్టింది. ఎలుగుబంటి కోసమట! ఈ కొండ మీది ఎలుగులకు షిగెనో పెళ్ళికూతురుగా వచ్చిన నాటినుంచీ ఆమె వాసన తెలుసు, ఎవరి దారిన వాళ్ళు పోతారు. ఆమె వాసన పట్టాలని చూస్తున్నది, అదిగో, ఆ చెర్రీ చెట్ల కింద చాప పరుచుకుని అన్నం డబ్బాలు విప్పుతున్న కోడలే. గంట మోగుతూ ఉంటే ముసల్ది ఏ మలుపు తిరిగిందో, ఏ గట్టెక్కిందో కూర్చున్న చోటు నుంచే తెలిసిపోదూ? అది చాలదన్నట్టు తలకు ఎర్ర టోపీ ఒకటి. మీకు ఎరుపు ఎంత బాగుందో అంది. డెబ్బై తొమ్మిదేళ్ళ తలకు ఎరుపు బాగుండటం ఏమిటి, కొండ మీద ఎంత దూరాన ఉన్నా కంటబడుతుందని గాక! షిగెనో టోపీ తీసి సంచి అడుగున కూరింది. నెరిసిన తల, బూడిద రంగు చొక్కా, ఇక వెతుక్కోమను.

ఈ వసంతమంతా ఇదే వరస. కోడలికి అత్త మీద ప్రేమ ఉన్నట్టుండి ఏరులా పొంగింది. మంచు కరగక ముందే చలికే పూసే ఉమె పూలు చూడ్డానికి పక్క ఊరికి కారులో తీసుకెళ్ళింది. తర్వాత వేడినీటి ఊట దగ్గర కాళ్ళు ముంచుకుని కూర్చోబెట్టి, వీపు రుద్దనా అత్తయ్యా అంది. ఇవాళేమో చెర్రీ పూలు. కొడుకు కత్సుయాకు సెలవు దొరికిందట, మనవరాలు చిహారుకు బడి లేదట, కలిసొచ్చిందట. అన్నీ కలిసొస్తున్నాయంటే ఎవరో కూర్చుని కలుపుతున్నారన్నమాటే. అతి వినయం ధూర్త లక్షణమని ఊరికే అన్నారా? పదిహేనేళ్ళుగా లేని వినయం ఇప్పుడెందుకు పుట్టిందో షిగెనోకు తెలుసు. తరా చిగుళ్ళ చోటు కోసం.

ముళ్ళ తరా చెట్టు, చిటారు కొమ్మన వసంతంలో ముందు ఒకే ఒక్క లావు చిగురు వేస్తుంది, అది కోస్తే పక్కన రెండోది. పిండిలో ముంచి నూనెలో వేయించి వేడివేడిగా ఉప్పద్దుకుని తింటే నోట్లో కొండ మొత్తం కరిగినట్టుంటుంది. దుకాణంలో అమ్మేవి ఉన్నాయి గానీ అవి పందిరి కింద పెంచినవి, వాటికి చేదు లేదు, చేదు లేనిది వసంతమెలా అవుతుంది? కొండ మీద ఎవరి చోటు వాళ్ళది. కన్నకొడుక్కి చెప్పరు, కట్టుకున్నవాడికి చెప్పరు, కోడలికి అసలే చెప్పరు. చోటు చెప్పుకున్నవాడు చద్దికూటికి పోయినట్టేనని ఈ ఊళ్ళో ముసలివాళ్ళ మాట. భర్త తొకుజీ చచ్చిపోయే ముందు రోజు కూడా అడిగాడు పాపం, ఇంతకీ ఎక్కడే అని, నవ్వుతూ. నయమై లేచి నడిస్తే చూపిస్తానంది. లేవలేదు. అప్పుడు చెప్పి ఉంటే ఏం పోయేదని ఎప్పుడైనా అనిపిస్తుంది గానీ, చెప్పి ఉంటే అది షిగెనో కాదు.

"ఎక్కడికి అత్తయ్యా?" ఇందాక తను చాప మీంచి లేవగానే అడిగేసింది సాతోమి, ముక్కుకు కట్టుకున్న గుడ్డ వెనకనుంచి. దేవదారు పుప్పొడి దానికి పడదు. పట్నం పిల్ల, కాపురానికి వచ్చిన మొదటి వసంతం నుంచీ తుమ్ములే తుమ్ములు.

"ఎక్కడికీ లేదు. ఏటి పక్కన ఫుకి మొగ్గలు నాలుగు కోసుకొస్తా."

"నేనూ రానా?"

"ఎందుకూ, నాకు మొగ్గ కోయడం నేర్పుతావా?"

చాప మీద పడుకున్న కత్సుయా కళ్ళు మూసుకునే నవ్వాడు. "పోనీలేవే, పక్కనేగా. అమ్మా, నువ్వు మాత్రం కొండెక్కకు. చెప్పానుగా, కొండకి వెళ్ళడం ఇక చాలని." వాడి గొంతులో నవ్వు సగంలో ఆగింది. భార్యాభర్తలిద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు, చటుక్కున చూపులు తిప్పుకున్నారు. అది షిగెనో గమనించలేదనుకున్నారు కాబోలు. "నానమ్మా, తొందరగా రా, లేకపోతే నీ గుడ్డు చుట్ట నేను తినేస్తా" అని చిహారు అరిచింది. ఆ ఇంట్లో మనసులో ఉన్నది పైకి చెప్పేది అదొక్కతే.

గంట నోరు మూశాక షిగెనో ముందు ఏటి వెంబడి కిందికి నడిచింది, చూసేవాళ్ళకు అటే పోయిందనిపించాలని. రాళ్ళ గట్టు దాటి, వెదురు పొదల వెనక తిరిగి, మళ్ళీ పైకి. చెర్రీ రేకులు నీటి మీద కొట్టుకొస్తున్నాయి, ఎక్కడో మంచు ఇంకా కరుగుతున్న చల్లదనం మోకాళ్ళను పట్టుకుంటోంది. దేవదారు తోపులోకి అడుగుపెట్టగానే పగలే సంధ్యవేళలా అయింది. ఈ తోపే షిగెనోకు కోట గోడ. కొమ్మ ఊగితే పచ్చటి పొడి పొగలా లేస్తుంది, ఇందులోకి సాతోమి వచ్చిందా ముక్కు పగిలిపోతుంది. అయినా మనసు ఊరుకోదు. ఆగింది. వెనక చిన్న కొమ్మ విరిగినట్టయిందా? ఉడుతా? నక్కా? ఊపిరి బిగబట్టి విన్నది. ఏమీ లేదు. అనుమానం పెనుభూతం అంటారు, అననీ, అనుమానం లేనివాడి చోట చిగురు మిగలదు.

కోడలు అత్త వెంట ఎలా నడుస్తుందో షిగెనోకు ఒకరు చెప్పాలా! తనూ నడిచింది. తన అత్తగారు కిసె, ఆమె ముందు ఈ సాతోమి ఎంత, పసిపాప. కిసె నోట మాట రావాలంటే కత్తితో తెరవాలి. అప్పుడు షిగెనోకు ఇరవై రెండేళ్ళు. వసంతంలో అత్తగారు తెల్లవారకముందే మాయమై బుట్టతో తిరిగొచ్చేది, ఆమె గడ్డి చెప్పులకు ఎర్ర మట్టి ఉండేది. ఊరంతా నల్ల మట్టి. ఎర్ర మట్టి ఉన్నది ఉత్తరపు వాలులో తోపు దాటాక ఒక్కచోటే. అంతే, పట్టేసింది. మరుసటేడు ఉతికే బట్టల బుట్ట చంకన పెట్టుకుని, చెట్టు చెట్టు వెనకా నక్కుతూ వెళ్ళింది. నవ్వొచ్చే సంగతేమిటంటే ఇంట్లో పెదవి విప్పని కిసె కొండ మీద ఒకటే గొణుగుడు. పైకి, గట్టిగా, ఎవరికో చెబుతున్నట్టు. మొదటి చిగురే కోయాలి, రెండోది చెట్టుది. ముల్లు లేకపోతే అది తరా కాదు, దురద చెట్టు. ఈ రాయి ఊగుతుంది, ఇటుపక్కనుంచి దాటాలి. చెట్టు చాటున షిగెనో నోరు నొక్కుకుని నవ్వుకునేది, అయ్యో, ముసలమ్మకు మతి చలించింది, చెట్లతో మాట్లాడుతోంది అని. ఏటేటా వెళ్ళింది, ఏటేటా అదే గొణుగుడు. కిసె చోటు చెప్పకుండానే పోయింది. ఆ మరుసటి వసంతం షిగెనో తిన్నగా వెళ్ళి కోసుకొచ్చుకుంది. అత్త పోయిన ఆర్నెల్లకు కోడలి కంట నీరొచ్చిందన్నట్టు, ఆ మొదటి చిగురు కొరికినప్పుడు ఏడుపొచ్చింది గానీ, చేదుకేమోననుకుంది.

ఇప్పుడదే ఎర్ర మట్టి. మొన్నో అటుమొన్నో గుమ్మంలో సాతోమివి రబ్బరు బూట్లు కనబడ్డాయి, మడమల దగ్గర ఎర్ర మట్టి. పక్కనే తన బూట్లేమో కడిగి, తుడిచి, తళతళా పెట్టి ఉన్నాయి. తన బూట్లు ఎవరు కడగమన్నారు? ఎందుకు కడిగినట్టు? కోడలి కళ్ళు ఆ పూట వాచి, ముక్కు ఎర్రబారి ఉన్నాయి. ఏమైందే అంటే, ఏం లేదత్తయ్యా, పుప్పొడి, అంది తల తిప్పుకుని. ఊళ్ళో ఇంట్లో కూర్చున్నదానికి అంత పుప్పొడి ఎక్కడినుంచి వచ్చింది? అదే రాత్రి భోజనంలో తరా చిగుళ్ళు! వేయించి, పళ్ళెంలో కాగితం మీద పేర్చి. నోట్లో పెట్టుకోగానే తెలిసిపోయింది షిగెనోకు, ఆ చేదు, అది తన చోటి చేదే, ఇంకెక్కడా అలా ఉండదు. ఎక్కడివి అని అడిగింది. అందరూ తినడం ఆపారు. చిహారు నోరు తెరవబోతే వాళ్ళ నాన్న దాని పళ్ళెంలో ఇంకో చిగురు వేశాడు. సాతోమి నవ్వి, వీధి చివర గెంజో తాతగారు ఇచ్చారు అత్తయ్యా అంది. గెంజో! ఎంగిలి చేత్తో కాకిని తోలని గెంజో ఇచ్చాడట! ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడు. ఆ రాత్రంతా పళ్ళు నూరుకుంది. తన నీలం తువ్వాలు కూడా అప్పటినుంచే కనబడటం లేదు. అది తొకుజీది, అంచున చిన్న అలలు. పాతదైపోయిందని పారేసి ఉంటుంది మహాతల్లి, పైగా అడిగితే నాకు తెలియదండీ అని అమాయకపు మొహం.

తోపు దాటింది. ఎర్ర మట్టి మొదలైంది. ఊగే రాయిని ఎడమ పక్కనుంచి దాటి, వంగిన కొమ్మ కిందనుంచి దూరి, నిలబడింది. ఎండ. పల్చటి ముళ్ళ చెట్లు, తన చెట్లు, ఒకదాని పక్కన ఒకటి. తల ఎత్తింది. చిగుళ్ళు లేవు.

లేవు. ఒక్క చెట్టుకూ మొదటి చిగురు లేదు. పక్కనున్న మొద్దు మీద కూలబడింది. దొంగ ముండ, దొంగ ముండాకొడుకు, ఎవరైతేనేం. అయిపోయింది, యాభై ఏళ్ళు దాచినది అయిపోయింది. కానీ కళ్ళు ఊరుకోవు, కొండ మనిషి కళ్ళు. లేచి కొమ్మ వంచి చూసింది. దొంగ రెండో చిగురు ముట్టుకోలేదు, ప్రతి చెట్టుకూ వదిలేశాడు. మర్యాదస్థుడైన దొంగ. గెంజో అయితే చెట్టు చచ్చేదాకా గొరిగేస్తాడు, గెంజో కాదు. అయితే సాతోమే. కోత చూసింది. తెల్లగా మెరవకుండా కోసిన చోట మట్టి రాసి ఉంది. దూరంనుంచి ఎవరికీ కనబడకుండా. ఆ మట్టి రాసే కిటుకు కిసె కూడా ఎరుగదు. షిగెనో తన తలలోంచి పుట్టించింది, ఎవరికీ చెప్పలేదు, కలలో కూడా చెప్పలేదు. గోటితో మట్టి గీకింది. కోత ఎడమ నుంచి కుడికి ఏటవాలుగా దిగి ఉంది. పక్క చెట్టుకూ అలాగే, ఆ పక్కదానికీ అలాగే. చేతిలో, చిగుళ్ళు కోయడానికి తీసిన తన కత్తి ఉంది. ఏ చేతిలో ఉందో చూసుకుంది. చిన్నప్పుడు అన్నం తినే పుల్లలను చేతికి వాతలు పెట్టి కుడికి మార్చారు గానీ కత్తిని ఎవరూ మార్చలేకపోయారు. ఈ ఊళ్ళో ఎడమ చేత్తో కోసేది ఒక్కతే.

అప్పుడు కనబడింది తువ్వాలు. పొట్టి చెట్టు ముళ్ళకు తగులుకుని, నీలంగా, అంచున అలలతో. ముళ్ళ కొమ్మను వంచేటప్పుడు చేతికి చుట్టుకుంటుంది కదా, కోయడం అయ్యాక విప్పి అక్కడే వేలాడేసి, చెమట తుడుచుకుని వెళ్ళేటప్పుడు తీసుకోవాలనుకుని మరిచి... ఎప్పుడు? తలలో వెతికింది. ఈ వసంతంలో ఇక్కడికి రావడం ఇదే మొదటిసారి. ఇదే మొదటిసారి కదూ? పొద్దున, తోపు, రాయి, చిగుళ్ళు, అవన్నీ గుర్తున్నాయి గానీ అవి ఏ ఏటివి? వెతికేకొద్దీ అక్కడ ఏమీ లేదు, పన్ను ఊడిన చోట నాలుక పెట్టినట్టు మెత్తగా ఖాళీ. భయమేసింది. ఎలుగుబంటి ఎదురైనప్పుడు వేయనంత భయమేసింది. అయితే ఆ రాత్రి పళ్ళెంలోవి తనే తెచ్చింది. తను తెచ్చి, తన చేత్తో వంటింట్లో పెట్టి, తిని, ఎక్కడివి అని అడిగింది. అందుకే అందరూ తినడం ఆపారు. అందుకే పిల్ల పళ్ళెంలో ఇంకో చిగురు పడింది. గెంజో తాతగారు ఇచ్చారండీ. ఎంత చక్కగా అబద్ధమాడింది, పాపిష్టిది, గుటక కూడా వేయకుండా. ఇంటి దొంగ, ఇంటి దొంగ అని తిట్టుకుంది గానీ ఇంట్లో దొంగ తనేనని ఎలా అనుకుంటుంది ఎవరైనా?

మరి ఆ బూట్లకు ఎర్ర మట్టి?

సరిగ్గా అప్పుడే తోపు అంచున, లావుపాటి దేవదారు వెనకనుంచి, తుమ్ము. అరచేతుల్లో నొక్కేసి, మింగేసి, అయినా ఆగని తుమ్ము. ఆ వెంటనే ఇంకొకటి. తర్వాత దొంగకు తేలు కుట్టినట్టు నిశ్శబ్దం. షిగెనో అటు తిరగలేదు. తిరగబోయి ఆగింది. చూస్తే చూసినట్టే, చూస్తే ఇద్దరూ ఏదో ఒకటి మాట్లాడుకోవాలి. వచ్చింది. ఆ రోజూ వచ్చింది, ఇవాళా వచ్చింది. ముక్కు పగిలిపోయే తోపులోంచి, గంటలో గడ్డి కుక్కి టోపీ దాచిపెట్టిన అత్త వెంట, చెట్టు చెట్టు వెనకా నక్కుతూ. చిగుళ్ళ కోసమే అయితే ఆ రెండో చిగుళ్ళు ఈపాటికి మిగిలేవా? ముసల్ది ఎక్కడ పడిపోతుందో, ఇంటి దారి ఎక్కడ మరిచిపోతుందో అని. ఇంత తెలిసీ, తన బూట్ల మట్టి కడిగేసి, తనతో ఒక్క మాటనలేదు. ఎంత గుట్టు! గర్వంగా కూడా అనిపించింది ఒక్క క్షణం, కిసె కోడలికి తగిన కోడలే దొరికిందని. వెంటనే ఒళ్ళు మండింది కూడా. కాపలా కాస్తుందా? తనకు? పిలిచి నాలుగు పెట్టాలి. రావే ఇలా, పొగరుబోతా, అని నోటిదాకా వచ్చింది.

నోటిదాకా వచ్చి, ఆగిపోయింది. మొద్దు, ఎండ, ముళ్ళ చెట్లు, వెనక చెట్టు చాటున ఊపిరి బిగబట్టిన ఒక కోడలు. ఇది తనకు తెలుసు. ఇది అవతలి పక్కనుంచి తెలుసు. ఇక్కడే, ఈ మొద్దు అప్పుడు చెట్టు, ఇక్కడే నిలబడి కిసె అటు తిరక్కుండా గట్టిగా మాట్లాడేది. ఇంట్లో పెదవి విప్పని మనిషి. ముల్లు లేకపోతే తరా కాదు. ఈ రాయి ఊగుతుంది. చెట్లకెందుకమ్మా రాయి సంగతి? చెట్లు రాయి దాటతాయా? అయ్యో అత్తా! ఏటేటా అన్నేళ్ళు అంత గట్టిగా చెప్పావే, నేను నోరు నొక్కుకుని నవ్వానే. కోడలికి చెప్పకూడదన్న మాట తప్పలేదు, చెప్పకుండానూ పోలేదు. షిగెనో కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి, తువ్వాలు ముళ్ళనుంచి విడిపించి మొహం తుడుచుకుంది. కిసెకు మతి చలించలేదు. ఈసారి చెట్లతో మాట్లాడబోయే ముసలమ్మ సంగతే వేరు. అందుకే తొందరపడాలి.

గొంతు సవరించుకుంది. "మొదటి చిగురే కోయాలి" అంది, చెట్లకేసి చూస్తూ, గట్టిగా. తన గొంతు తనకే కొత్తగా వినబడింది. "రెండోది చెట్టుది. దాన్ని కోస్తే చెట్టు చస్తుంది. ముల్లు లేకపోతే అది తరా కాదు, దురద చెట్టు, ముట్టుకుంటే ఒళ్ళంతా దద్దుర్లు. కోసిన చోట మట్టి రాయాలి. మట్టి రాయకపోతే ఆ గెంజోగాడు కొండ అవతలినుంచే పసిగడతాడు." ఆగింది. దేవదారు వెనక ఏ చప్పుడూ లేదు, వింటున్నవాళ్ళ నిశ్శబ్దం అది. "ఈ చోటు ఎవరికీ చెప్పకూడదు. కోడలికి అసలు చెప్పకూడదు. నేను చెప్పడం లేదు." ఇంకేదో ఉంది, అదే చెప్పాల్సింది. "వచ్చే ఏడు నాకు దారి గుర్తుంటుందో లేదో. ఎవరైనా ముందు నడిస్తే, నేను వెనకాల వస్తా." ఈసారి దేవదారు వెనకనుంచి వచ్చింది తుమ్ము కాదు. ముక్కు ఎగబీల్చుకున్న చప్పుడు. "పుప్పొడి ఎక్కువగా ఉంది ఇవాళ" అంది షిగెనో చెట్లతో, "ముక్కుకు తడిగుడ్డ కట్టుకుంటే కాస్త నయం."

ఇక వెళ్ళాలి, గుడ్డు చుట్ట అయిపోతుంది. సంచి అడుగునుంచి ఎర్ర టోపీ తీసి పెట్టుకుంది. గంటలోంచి గడ్డి వేలితో లాగేసింది, ఊపింది, గణగణమంది. కొమ్మ కిందనుంచి దూరి, రాయి దగ్గరికి వచ్చి, చెయ్యి చాచి చెట్టు పట్టుకుని ఇటుపక్కనుంచి దాటి, రెండడుగులు వేసి నిలబడింది. వెనక్కి చూడలేదు.

"ఈ రాయి ఊగుతుంది" అంది. "ఇటుపక్కనుంచి."

మళ్ళీ నడిచింది, నెమ్మదిగా, గంట మోగించుకుంటూ, వీపంతా చెవులు చేసుకుని. ఎవరైనా ఆ రాయి మీద కాలు పెడితే దబ్బుమంటుంది, తోపంతా వినిపిస్తుంది. వెనక అడుగులు వచ్చాయి, రాయి దగ్గర ఆగాయి, మళ్ళీ కదిలాయి. రాయి చప్పుడు చేయలేదు.